వేళ్లు గోడ చీల్చాయి.. కొమ్మ మేడెక్కింది
రబ్బరు చెట్టుకు మళ్లీ ప్రాణం పోసిన కడియం చేయి - మర్రి జాతి మొక్కలు ఇళ్లలో ఎందుకు చస్తున్నాయి?

రాజమహేంద్రవరం: గోదావరి గట్టుకు కూతవేటు దూరంలోని ఒక వీధిలో 2023 దసరా వరకు ఓ రబ్బరు చెట్టు ఉండేది. మేడను మించి ఎదిగిన ఆ చెట్టు నీడన రిక్షాలు ఆగేవి, ఇస్త్రీ బండి నిలిచేది. దసరా వెళ్లాక దాన్ని కొట్టేశారు. చెట్టు పోయినా దాని కొమ్మ ఒకటి మాత్రం అదే ఊళ్లోని అపార్టుమెంటు మూడో అంతస్తులో, 12 అంగుళాల కుండీలో పచ్చగా ఉంది. ఎర్రటి మొగ్గ లాంటి తొడుగు విప్పుకుని నెలకో కొత్త ఆకు వేస్తోంది. చెట్టు యజమానురాలైన ఒక రిటైర్డు ఉపాధ్యాయిని, కడియపులంక నర్సరీలో అంట్లు కట్టే ఒక కూలీ మహిళ కలిసి ఆ కొమ్మను బతికించారు. ఇంట్లో కుండీలో మొక్క పెట్టుకుని అది ఎందుకు చచ్చిందో తెలియక బాధపడే వారికి ఆ కొమ్మ వెనుక కథలో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి.

డాల్డా డబ్బాలో వచ్చిన మొక్క

ఉపాధ్యాయిని భర్త బస్సు కండక్టరుగా పనిచేసేవారు. 1994లో ఆయన కడియపులంక నుంచి జానెడు రబ్బరు మొక్కను సైకిలు క్యారియరుకు కట్టుకుని తెచ్చారు. డాల్డా డబ్బాలో నాటి వసారాలో పెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి వేళ్లు డబ్బా అడుగును చీల్చుకుని బయటికి వచ్చాయి. ఏం చేయాలో తోచక పెరట్లో ప్రహరీ గోడ పక్కన గుంట తీసి పాతారు. అక్కడే పొరపాటు జరిగింది.

గోదావరి ఒండ్రు నేల, పక్కనే బట్టలుతికిన నీరు. చెట్టు ఏపుగా పెరిగింది. పదేళ్లకు ప్రహరీ గోడ వంగింది. పదిహేనేళ్లకు నీళ్ల తొట్టెలోకి వేళ్లు దిగాయి. పక్కింటివారి మరుగుదొడ్డి గొట్టం పగిలి రెండిళ్ల మధ్య మాటలు లేకుండా పోయాయి. 2016లో భర్త కాలం చేశాక ఉపాధ్యాయిని ఒంటరివారయ్యారు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. 2023లో ఇంటిని బిల్డరుకు ఇచ్చి ఆమెను ఫ్లాటుకు మార్చాలని నిర్ణయించారు. ఇల్లు పోయినందుకు ఆమె ఏమీ అనలేదు గాని, చెట్టు కొట్టేస్తామన్న రోజు అన్నం తినలేదని ఇరుగుపొరుగు చెబుతున్నారు.

ఆ వీధికి పూల మొక్కలు తెచ్చి అమ్మే వ్యాన్ కుర్రాడు ఈ సంగతి కడియపులంకలో చెప్పాడు. నర్సరీలో 30 ఏళ్లుగా అంట్లు కడుతున్న ఒక మహిళ ఓ ఆదివారం సెలవు చూసుకుని చాకు, నాచు, ప్లాస్టిక్ కాగితం సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చింది. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "చెట్టుని ఆపలేనండి టీచరు గారూ. చెట్టులో ముక్క మాత్రం మీ ఇంటికి వత్తాదండి" అంది.

మర్రి, రావి, మేడి.. అన్నీ ఒక ఇంటి పిల్లలే

రబ్బరు చెట్టు అనగానే కేరళ తోటల్లో పాలు తీసే చెట్టు అనుకునేవారు ఎక్కువ. అది వేరు, ఇది వేరు. తోటల్లోని రబ్బరు చెట్టు బ్రెజిల్ నుంచి వచ్చింది. ఇళ్లలో పెంచే రబ్బరు మొక్క మన ఈశాన్య రాష్ట్రాలు, బర్మా, జావా అడవులది. బ్రెజిల్ చెట్టు రాకముందు అస్సాంలో దీని పాలతోనే రబ్బరు తీసేవారు. మేఘాలయలో ఖాసీ, జైంతియా ప్రజలు ఈ చెట్టు ఊడల్ని వాగుల మీదుగా అవతలి ఒడ్డుకు మళ్లించి, అల్లి, బతికున్న వంతెనలుగా పెంచుతున్నారు. ఆ వంతెనలు 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. వాగును దాటే వేరుకు పెరటి గోడ ఒక లెక్క కాదు.

మర్రి, రావి, మేడి, జువ్వి, అంజూరం, రబ్బరు మొక్క అన్నీ ఫైకస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ప్రపంచంలో వీటి రకాలు 800 పైచిలుకు. అన్నింటిలోనూ కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. అన్నింటికీ పువ్వులు కాయ లోపలే దాగి ఉంటాయి. మేడి పువ్వును ఎవరూ చూడలేదనే సామెత అలా పుట్టిందే. కాయ లోపలి పువ్వుల్లోకి దూరి పుప్పొడి చేర్చేందుకు దాదాపు ఒక్కో రకానికి ఒక్కో రకం చిన్న కందిరీగ ఉంటుంది. ఆ కీటకం లేని చోట గింజ కట్టదు. నర్సరీల్లో రబ్బరు మొక్కను గింజ నాటి కాక అంటు కట్టి, కొమ్మ నాటి పెంచడానికి ఇదొక కారణం.

ఇళ్లలో పెంచేందుకు కడియం పరిసరాల్లో ఎక్కువగా అమ్ముడయ్యేవి నాలుగు రకాలు. దళసరి ఆకుల రబ్బరు మొక్క ఒకటి. ఇందులో ముదురు ఎరుపు, నలుపు కలిసినట్టుండే ఆకులవీ, తెలుపు మచ్చలవీ ఉన్నాయి. చిన్న ఆకులతో కొమ్మలు వాలి ఉండే బెంజమినా రెండోది. బాంకాక్ నగరానికి ఇది అధికార వృక్షం. లావు వేళ్లు దుంపల్లా పైకి తేలి ఉండే బోన్సాయ్ రకం మైక్రోకార్పా మూడోది. వీణ బుర్రలా పెద్ద ఆకులుండే లిరాటా నాలుగోది. ఇది పశ్చిమ ఆఫ్రికా అడవుల మొక్క. ఇవి గాక ఆకు అడుగున దొన్నెలా ముడుచుకుని ఉండే కృష్ణ మర్రిని అడిగి కొనుక్కునేవారూ ఉన్నారు. వెన్న దాచుకోవడానికి కృష్ణుడు ఆకును దొన్నె చేశాడని దాని కథ.

మనం ఊరి చివర రచ్చబండ దగ్గర చూసే మర్రినే అమెరికా, ఐరోపా దేశాల్లో ఆడ్రీ అని పేరు పెట్టి కుండీలో డ్రాయింగు రూముల్లో పెంచుకుంటున్నారు. విస్తీర్ణంలో ప్రపంచంలోనే పెద్ద మర్రిగా 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన తిమ్మమ్మ మర్రిమాను మన కదిరి ప్రాంతంలోనే ఉంది. ఎకరాలు ఆక్రమించే చెట్టు కుండీలో ఎలా ఇముడుతుందన్న అనుమానం రావచ్చు. వేరును కట్టడి చేసి, కొసలు తుంచుతూ ఉంటే ఈ జాతి ఎంత చోటిస్తే అంతలోనే బతుకుతుంది. నేలలో పెడితే మాత్రం చోటు తానే వెతుక్కుంటుంది.

ఐదు అంట్లు.. మూడు ప్రాణాలు

కూలీ మహిళ చేసిన పని ఏ నర్సరీలోనైనా రోజూ జరిగేదే. దీన్ని గాలి అంటు అంటారు. బొటనవేలు లావు కొమ్మను ఎంచుకుంది. ఆకు కణుపుకు కాస్త దిగువన అంగుళం మేర చుట్టూ బెరడు ఒలిచింది. పాలు జారుతుంటే గుడ్డతో తుడిచి ఆరనిచ్చింది. గీరిన చోట పై అంచుకు వేళ్లు తొందరగా రావడానికి వాడే హార్మోను పొడి రాసింది. తడిపి పిండిన నాచును కోడిగుడ్డంత ముద్ద చేసి చుట్టూ పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు కొసలూ బిగించి కట్టింది. ఆకులు తయారు చేసిన ఆహారం బెరడు గుండా కిందికి దిగాలి. బెరడు లేని చోట అది ఆగిపోతుంది. అక్కడ తడి తగిలితే వేళ్లు పుడతాయి. మాను నుంచి నీరు మాత్రం లోపలి కర్ర గుండా పైకి వస్తూనే ఉంటుంది గనుక కొమ్మ వాడదు.

జులైలో వానలు పట్టాక ఐదు కొమ్మలకు అంట్లు కట్టారు. ఒకటి ఈదురుగాలికి విరిగింది. ఇంకొకటి కట్టు వదులై లోపలికి వాన నీరు చేరి కుళ్లింది. మిగిలిన మూడింటిలో ఏడు వారాలకు ప్లాస్టిక్ కాగితం లోంచి గోధుమ రంగు వేళ్లు కనబడ్డాయి. కట్టుకు దిగువన కోసి, సగం ఆకులు తుంచి, కవర్లలో నాటి నర్సరీలో పచ్చ వల కింద పెట్టింది. వేళ్లు తక్కువ, ఆకులు ఎక్కువ ఉంటే మొక్క తాగే నీటికన్నా ఆరబెట్టే నీరు ఎక్కువవుతుంది. ఆకులు తుంచడం అందుకేనని నర్సరీ వారు వివరిస్తున్నారు.

చెట్టు కొట్టిన రోజు ఉపాధ్యాయిని ఆ వీధికి వెళ్లలేదు. కడియపులంక వెళ్లి పచ్చ వల కింద మూడు మొక్కల్నీ చూసుకుని వచ్చారు. కూలి డబ్బులతో పాటు చీర పెట్టారు. మూడింటిలో ఒకటి ఆమె ఫ్లాటుకు, ఒకటి హైదరాబాదులో కొడుకు ఇంటికి చేరాయి. మూడోది కూలీ మహిళ తన గుడిసె ముందు అట్టిపెట్టుకుంది. "ఒకటి మన కాడ ఉంటే మంచిదండి" అని అప్పుడే చెప్పిందట.

రెండు నెలల్లో చచ్చిన మొక్క

హైదరాబాదు వెళ్లిన మొక్క సంక్రాంతి నాటికి చచ్చిపోయింది. కారణాలు వెతికితే అన్నీ మామూలు పొరపాట్లే. కొడుకు మంచి పింగాణీ కుండీ కొన్నాడు. దానికి అడుగున రంధ్రం లేదు. హాల్లో టీవీ పక్కన, ఏసీ గాలి తగిలే చోట, కిటికీకి 15 అడుగుల దూరంలో పెట్టారు. పనిమనిషి రోజూ చెంబెడు నీళ్లు పోసింది. ఆకు పసుపు తిరగగానే నీళ్లు చాలలేదేమోనని రెండు చెంబులు చేసింది. బయటికి తీసి చూసేసరికి వేళ్లు నల్లబడి మురుగు వాసన కొట్టాయి.

కుండీ మొక్కలు నీళ్లు చాలక చావడం కన్నా ఎక్కువై చావడమే అధికమని నర్సరీ రైతులు చెబుతున్నారు. వేళ్లకూ గాలి కావాలి. మట్టిలో సందుల్ని నీరు ఎప్పుడూ నింపి ఉంచితే వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు. అందుకే నీటిలో ఉన్న మొక్క కూడా ఎండినట్టే వాడిపోతుంది. చూసేవారు మళ్లీ నీరు పోస్తారు. రోగానికి మందనుకుని రోగాన్నే మళ్లీ పోసినట్టవుతుంది.

ఇన్ని రోజులకోసారి నీరు అని లెక్క పెట్టుకోరాదు. వేలు మట్టిలోకి అంగుళం దించి చూడాలి. తడి తగిలితే ఆ పూట నీరు మానాలి. పొడిగా ఉంటే అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. మే ఎండల్లో వారానికి రెండు మూడుసార్లు అవసరపడే మొక్కకే డిసెంబరులో వారానికి ఒక్కసారి చాలవచ్చు. రంధ్రం లేని అందమైన కుండీయే కావాలనుకుంటే మొక్కను మామూలు కుండీలో పెట్టి, దాన్ని ఇందులో దించి, నీరు పోసేటప్పుడు బయటికి తీయాలి.

ఆకు రాలితే కంగారు వద్దు

ఉపాధ్యాయిని మొక్క కూడా సుఖంగా ఏమీ లేదు. ఫ్లాటుకు వచ్చిన నెలలోనే ఏడు ఆకుల్లో నాలుగు రాలాయి. ఆమె బెంబేలెత్తి మొక్కను పడమటి బాల్కనీకి మార్చారు. మిట్ట మధ్యాహ్నపు ఎండకు మిగిలిన ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు పడ్డాయి. మళ్లీ లోపలికి తెచ్చారు. మళ్లీ ఒక ఆకు రాలింది. కడియపులంకకు ఫోను చేస్తే, "మీరు దాన్ని తిప్పకండి టీచరు గారూ. తూర్పు కిటికీ కాడ పెట్టి మరిచిపోండి" అని సమాధానం వచ్చింది.

ఫైకస్ జాతికి చోటు మారడం పడదు. నర్సరీ వెలుతురుకు తగినట్టు తయారైన ఆకులు ఇంటి మసక వెలుతురులో తమ ఖర్చుకు సరిపడా ఆహారం చేసుకోలేవు. మొక్క వాటిని వదిలించుకుని కొత్త చోటుకు తగిన ఆకులు వేసుకుంటుంది. బెంజమినాలో ఇది మరీ ఎక్కువ. కొని తెచ్చిన రెండు మూడు వారాల్లో చీపురు పెట్టి ఊడ్చేన్ని ఆకులు రాలుస్తుంది. అప్పుడు నీరు పెంచకూడదు, ఎరువు వేయకూడదు, చోటు మార్చకూడదు. కొమ్మను గోటితో గీరి చూస్తే లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉన్నట్టు. రెండు నెలలు ఓపిక పడితే చిగురు వేస్తుంది.

చోటు ఎంపికకు నర్సరీ వారు చెప్పే గుర్తు సులువైనది. మొక్క పెట్టదలచిన చోట పగటి పూట లైటు వేయకుండా పత్రిక చదవగలగాలి. తూర్పు, ఉత్తర కిటికీలకు నాలుగైదు అడుగుల లోపు చోటు మంచిది. ఉదయపు ఎండ మేలు చేస్తుంది. తెలుపు, పసుపు మచ్చల ఆకుల రకాలకు వెలుతురు ఇంకాస్త ఎక్కువ కావాలి. చాలకపోతే మచ్చలు వెలిసిపోతాయి. ఏసీ గాలి, ఫ్రిజ్ వెనుక వేడి నేరుగా తగలరాదు. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పితే మొక్క ఒక పక్కకు వంగదు. ఆకుల మీద దుమ్మును తడి గుడ్డతో తుడవాలి. మెరుపు కోసం కొబ్బరి నూనె, పాలు రాయడం తగదు. ఆకు అడుగున ఉండే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, పైగా దుమ్ము ఇంకా పడుతుంది.

కవరు మట్టితోనే చిక్కు

కొన్నవారికి తెలియని మరో సంగతి కవరులోని మట్టి. మొక్కలు లారీల్లో రాష్ట్రాలు దాటాలి. దారిలో గడ్డ పగలకూడదు. అందుకని బంక మట్టి పాలు ఎక్కువగా వేసి నింపుతారు. ప్రయాణానికి అది మంచిదే. ఇంట్లో మాత్రం ఆ గడ్డ ఎండితే ఇటుకలా బిగుస్తుంది. పోసిన నీరు గడ్డలోకి దిగకుండా పక్క నుంచి జారిపోతుంది. తడిస్తే వదలదు. చుట్టూ మంచి మట్టి వేసినా లోపల వేళ్లు ఇబ్బంది పడుతూనే ఉంటాయి.

కొని తెచ్చిన మొక్కను రెండు మూడు వారాలు కవరులోనే ఉంచి ఇంటి గాలికి అలవాటు చేయాలి. తర్వాత గడ్డను నీళ్లలో నానబెట్టి, పై పొర మట్టిని వేళ్లకు దెబ్బ తగలకుండా మెల్లగా విడదీసి నాటాలి. ఎర్ర మట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, అందులో గుప్పెడు ముతక ఇసుక కలిపితే చాలు. కోనసీమ పక్కనే ఉండగా కొబ్బరి పొట్టుకు కొదవ లేదు. కుండీ మొక్క గడ్డ కన్నా రెండంగుళాలు మాత్రమే పెద్దదై ఉండాలి. పెద్ద కుండీలో తడి ఎక్కువ రోజులు నిలిచి వేరు కుళ్లుతుంది. రెండేళ్లకోసారి వానాకాలం మొదట్లో కుండీ మార్చాలి. ఇంకా పెద్ద కుండీ వద్దనుకుంటే గడ్డ చుట్టూ తిరిగిన వేళ్లను కొద్దిగా కత్తిరించి, కొమ్మల్నీ ఆ మేరకు తగ్గించి అదే కుండీలో పెట్టుకోవచ్చు. వానాకాలంలో నెలకు గుప్పెడు వర్మీకంపోస్టు సరిపోతుంది.

బోన్సాయ్ మైక్రోకార్పా తీరు వేరు. దాని పళ్లెం లోతు తక్కువ. ఎండాకాలంలో ఒక రోజు ఏమరుపాటుతోనే ఎండిపోతుంది గనుక రోజూ వేలు పెట్టి చూడాలి. అది బాల్కనీ మొక్కే తప్ప టీపాయి మీద అలంకారం కాదు.

పురుగులకు కడియం మందు

కొమ్మ సందుల్లో దూదిలా తెల్లగా కనబడితే పిండినల్లి. కాండానికి అంటుకున్న గోధుమ రంగు పొక్కుల్లాంటివి పొలుసు పురుగులు. రెండూ రసం పీల్చి జిగట వదులుతాయి. జిగటకు చీమలు చేరతాయి. చీమలు కనబడితే పురుగును వెతకాలన్నది నర్సరీ కూలీల లెక్క. మొదట్లోనే గుర్తిస్తే తడి గుడ్డతో తుడిచేస్తే పోతాయి. ముదిరితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, నాలుగు చుక్కల సబ్బు నీరు కలిపి ఎండ తగ్గాక ఆకు అడుగున కూడా చల్లాలి. ముందు ఒక ఆకు మీద చల్లి రెండు రోజులు చూడడం మంచిది. మైక్రోకార్పా ఆకులు నిలువునా మడత పడి, లోపల నల్లటి సన్నని పురుగులు కదులుతుంటే అవి తామర పురుగులు. మడత లోపలికి మందు చేరదు. ఆ ఆకుల్ని తుంచి కాల్చేయాలి.

పెద్ద చెట్టుకూ చిన్న మొక్కకూ వైద్యం ఒక్కటే, ముందుగా చూసుకోవడం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు కూలితే 2018లో చెద మందు నీటిని సీసాల్లో పోసి సెలైన్ ఎక్కించినట్టు చుక్క చుక్కగా ఎక్కించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

పాలు కారే చెట్టు ఇంట్లో ఉండొచ్చా?

పాల చెట్టు ఇంటికి అచ్చిరాదన్న మాట పల్లెల్లో ఉంది. రావి, మర్రి గుడి దగ్గర ఉండాలే గాని గడపలో కాదంటారు. ఈ మాటకు నేలలో నాటిన చెట్టు విషయంలో బలమైన ఆధారమే ఉంది. వంగిన ప్రహరీ గోడే సాక్ష్యం. పిట్ట వేసిన గింజ మేడ గోడ సందులో రావి మొక్కయి గోడను చీల్చడం ప్రతి ఊళ్లోనూ చూస్తున్నదే. కుండీ మొక్కకు ఆ భయం లేదు. అయితే కుండీ అడుగు రంధ్రం నుంచి వేరు నేలలోకి దిగకుండా కింద పళ్లెం ఉండాలి.

పాలతో మాత్రం జాగ్రత్త అవసరం. కొమ్మ కత్తిరించినప్పుడు కారే పాలు కొందరికి దురద, దద్దుర్లు తెప్పిస్తాయి. కంట్లో పడితే మంట. రబ్బరు గ్లవుజులు పడనివారికి ఈ మొక్క పాలు కూడా పడకపోవచ్చు. పసిపిల్లలు, కుక్కలు, పిల్లులు ఆకు నమిలితే నోరు మండి వాంతులవుతాయి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కుండీని పిల్లలకు అందని చోట పెట్టాలి.

ఈ మొక్కలు ఇంటి గాలిని కడిగేస్తాయని చెప్పి అమ్మేవారున్నారు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా జరిపిన పరీక్షల్లో బెంజమినా వంటి మొక్కలు మూసిన పెట్టెల్లో కొన్ని విషవాయువుల్ని తగ్గించిన మాట నిజం. ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు సందుల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. ఆ గాలి మార్పిడికి సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కల దాకా కావాలని 2019లో అమెరికా పరిశోధకులు లెక్క తేల్చారు. గాలి కోసం కిటికీ తెరవాలి. మొక్కను మనసు కోసం పెంచుకోవాలి.

చీటీ ఒక్కటి చాలు

మొక్క చచ్చినవారు మళ్లీ కొనడం లేదన్నదే నర్సరీ రైతుల దిగులు. ఒక రబ్బరు మొక్క కవరులో అమ్మకానికి సిద్ధం కావాలంటే నెలల తరబడి కూలీల చేతులు నీరు పెట్టాలి, కలుపు తీయాలి, కవరు మార్చాలి. వల కింద వంగి పనిచేసే ఆడకూలీలు ఎండా వానా చూడకుండా పెంచిన మొక్క, కొన్న ఇంట్లో రెండు నెలలకు చెత్తబుట్టలో పడుతోంది. కొన్నవారు కడియం మొక్క మంచిది కాదంటారు. అమ్మినవారు పెంచడం చేతకాలేదంటారు. మధ్యలో చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పేవారు లేరు. చాలా మొక్కలు రెండు మూడు చేతులు మారి ఊళ్లకు చేరతాయి గనుక నర్సరీ వారి మాట కొన్నవారి దాకా పోదు.

కవరుకు ఒక చిన్న చీటీ కట్టి, అందులో మొక్క పేరు, ఎంత వెలుతురు, వేలు పెట్టి చూసి నీరు పోయమన్న సూచన, పాల జాగ్రత్త, నేలలో ఇంటి గోడకు దగ్గరగా నాటవద్దన్న హెచ్చరిక తెలుగులో అచ్చు వేయిస్తే సగం మొక్కలు బతుకుతాయని అనుభవజ్ఞులు అంటున్నారు. ఉద్యానశాఖ నమూనా చీటీ తయారు చేసి ఇస్తే నర్సరీల వారు అచ్చు ఖర్చు భరించడం పెద్ద పని కాదు. ఇళ్ల స్థలాల్లో నాటేందుకు మొక్కలు పంచేటప్పుడు కూడా ఏ చెట్టు గోడకు ఎంత దూరాన ఉండాలో చెప్పి ఇవ్వాలని పలువురు కోరుతున్నారు. ఆ మాట 1996లో చెప్పేవారుంటే రెండిళ్ల మధ్య మాటలు పోయేవి కావు.

ఉపాధ్యాయిని మొక్క తూర్పు కిటికీ దగ్గర కుదురుకుంది. మూడు నెలలు మోడులా నిలిచి 2024 ఉగాది దాటాక మొదటి మొగ్గ విప్పింది. కడియపులంకలో గుడిసె ముందున్న మూడో మొక్క ఈలోగా నేలబారున రెండు కొమ్మలు వేసింది. ఆ వానాకాలంలో దానికే మళ్లీ ఒక అంటు కట్టారు. దసరాకు వచ్చిన కొడుకు దాన్ని హైదరాబాదు తీసుకెళ్లాడు. ఈసారి కుండీ తల్లి కొని ఇచ్చారు. బస్సెక్కించే ముందు కుండీని బోర్లించి, అడుగున రంధ్రం ఉందో లేదో ఆమే స్వయంగా చూసుకున్నారు.